తెలుగు క్రైస్తవ కీర్తనమున ‘నడిపింపు’ : జీవనసమరమున దైవవిశ్వాస స్వరూపము

తెలుగు సాహిత్యచరిత్రలలో క్రైస్తవ కీర్తనమునకు లభించిన స్థలము మిక్కిలి స్వల్పము. క్రైస్తవ మతప్రచారకుల నిఘంటు వ్యాకరణ సేవలను గూర్చి విపులముగా వ్రాసిన విమర్శకులు సైతము, నూటయేబది యేండ్లకు పైబడి తెలుగువారి నోట నిలిచియున్న ఈ గేయవాఙ్మయమును ఒకటి రెండు వాక్యములతో దాటిపోవుచుందురు. ఇందులకు చెప్పబడు కారణములు రెండు. ఇది పాశ్చాత్య స్తోత్రములకు తెలుగు మాటలు తొడిగిన అనువాదము మాత్రమే యని కొందరందురు. ఇందలి భావము కేవల శరణాగతియే. దానిని అన్నమయ్య మొదలుకొని త్యాగరాజు వరకు మన వాగ్గేయకారులు మున్నే చెప్పియుండిరని మరికొందరందురు. ఈ రెండు మాటలును ఏకకాలమున నిజములు కాజాలవు. పూర్తిగా పరాయిదైన వస్తువు పూర్తిగా మన పాతసొమ్ము ఎట్లగును? ఈ వైరుధ్యమే మమ్ము ఈ పరిశీలనమునకు పురికొల్పినది.

క్రైస్తవ కీర్తనములలో సృష్టికర్తృస్తుతి, పాపనివేదనము, క్రీస్తు జనన మరణ పునరుత్థాన వర్ణనము, పరలోకాశ మొదలగు భావములు పెక్కు కలవు. వానిలో ఒక్కదానినే ఇచట గ్రహించుచున్నాము. వ్యాధి, దారిద్ర్యము, అవమానము, ఆప్తవియోగము మొదలగునవి శత్రుసైన్యమువలె మనుజుని చుట్టుముట్టినపుడు దైవము తన్ను నడిపించునని నమ్ముట యనునదియే ఆ భావము. ఈ నమ్మిక మనుష్యుని చేతులు ముడిచి కూర్చుండబెట్టునా, లేక కాళ్లకు బలమిచ్చి నడువజేయునా? మతమును విమర్శించువారును, మతమును బోధించువారును ఈ ప్రశ్నకు తమతమ సమాధానములు చెప్పియున్నారు. మాకు కావలసినది సాహిత్యము చెప్పు సమాధానము.

1. పదవిచారము

తెలుగు క్రైస్తవుల ప్రార్థనలలో ‘నడిపింపు’ అను మాట తరచుగా వినవచ్చును. ఇతరుల వాడుకలో దీని వ్యాప్తి అంతగా లేదు. కావున దీని నిర్మాణమును మొదట పరిశీలింపవలయును.

‘నడచు’ అకర్మకము. దానినుండి ‘నడపు’ అను సకర్మకమును, ‘నడిపించు’ అను ప్రేరణార్థకమును ఏర్పడినవి. ఈ మూడింటి ప్రయోగభేదమును గమనించిన విషయము తేటపడును. బండిని నడపుదుము, పడవను నడపుదుము. బండికి గాని పడవకు గాని తనదైన ఇచ్ఛ లేదు. బిడ్డనో, కనుచూపు తగ్గిన ముదుసలినో చేయిపట్టి నడిపింతుము. నడిపించువాడు ఎంత బలవంతుడైనను అడుగు వేయునది నడచువాని పాదమే. ప్రేరణార్థకమున ఇద్దరు కర్తలుందురు: ప్రేరకుడొకడు, ప్రేర్యుడొకడు. ప్రేర్యుని క్రియ తొలగిపోయినచో ప్రేరకుని క్రియకు అర్థమే లేదు. బిడ్డను చంకనెత్తుకొన్న తల్లిని చూచి ‘బిడ్డను నడిపించుచున్నది’ అని తెలుగువాడెవ్వడును అనడు. ‘ఎత్తుకొన్నది’ అనును.

ఈ భేదము చిన్నదిగా తోచును గాని, ఈ వాఙ్మయము యొక్క మూలసూత్రము ఇందే యున్నది. దైవసహాయమును సూచించుటకు ‘కాపాడుట’, ‘ఆదుకొనుట’, ‘గట్టెక్కించుట’ మొదలగు మాటలు మన భాషలో కలవు. వానిలో రక్షితుని క్రియ అప్రధానము. ‘నడిపింపు’ను కోరువాడు తన నడకను వదలుకొనుట లేదు. నడకకు తోడును, దిక్కును మాత్రమే కోరుచున్నాడు.

‘విశ్వాసము’ అను మాటయు ఇట్టిదే. శాస్త్రములలో దీనికి నమ్మకమనియే అర్థము. తెలుగువాని ఇంటిమాటలో దీనికి మరియొక ఛాయ కలదు. కుక్కకు విశ్వాసము కలదందుము. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహము చేసినవానిని విశ్వాసఘాతకుడందుము. ఇచట విశ్వాసమనగా ఒక సంగతి నిజమని తలచుట కాదు, కష్టకాలమున విడిచిపోకుండుట. బైబిలు అనువాదకులు ‘విశ్వాసము’ అను మాటను ఎన్నుకొన్నపుడు ఈ రెండర్థములును దానివెంట వచ్చి చేరినవి. అందువలన తెలుగు క్రైస్తవుడు ‘విశ్వాసి’ అనిపించుకొనునపుడు నమ్మినవాడని మాత్రమే కాక, నమ్మి నిలిచినవాడనియు భాష ధ్వనింపజేయుచున్నది.

హైదరాబాదు పాతనగరపు అంచున, మూసీనదికి దక్షిణమున గల సైదాబాదు పరిసరములలోని తెలుగు క్రైస్తవుల ప్రార్థనలందు ఈ పదములకు తోడుగా ‘భరోసా’ అను మాటయు మాకు వినవచ్చినది. గ్రంథభాషయు, నల్లగొండ పాలమూరు ప్రాంతముల పలుకుబడియు, దక్కనీ ఉర్దూ మాటలును అచట ఒకే వాక్యమున కలిసియుండుట సహజము. ‘నీ మీదనే భరోసా’ యని ప్రార్థించు స్త్రీ మరుక్షణమే ‘నీ నడిపింపు కావలె’ ననును. మొదటిది ఆనుకొనుట; రెండవది అడుగువేయుట. ఈ రెండింటి నడుమ విరోధమున్నట్లు ఆమెకు తోచదు. విరోధము తోచునది తర్కపండితునకే. కావున తర్కముచేతనే దీనిని పరిష్కరింపవలసియున్నది.

2. మూడు న్యాయములు

దైవకృపకును మానవయత్నమునకును గల సంబంధమును గూర్చి శ్రీవైష్ణవ సంప్రదాయమున రెండు శాఖలవారు రెండు దృష్టాంతములను చెప్పుదురు. వడగలవారిది మర్కటకిశోర న్యాయము. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొనును. తల్లి గెంతినపుడు పట్టు వదలెనా పడిపోవును. తెన్‌గలవారిది మార్జాలకిశోర న్యాయము. పిల్లిపిల్ల చేయవలసినది ఏమియు లేదు. తల్లియే నోటకరచి చేర్చవలసిన చోటికి చేర్చును. ఒకదానియందు పట్టు ప్రధానము, మరియొకదానియందు పట్టుబడుట ప్రధానము. రెండింటియందును పిల్ల నడచుట లేదను విషయమును మాత్రము మనము సాధారణముగా గమనింపము.

క్రైస్తవ కీర్తనమునకు ఆధారమైన దృష్టాంతము గొఱ్ఱెలకాపరి. దావీదు పేర ప్రసిద్ధమైన 23వ కీర్తనమున కాపరి గొఱ్ఱెను ప్రశాంతజలముల కడకును, సరియైన త్రోవలకును తోడుకొనిపోవును, చీకటిలోయలోనుండియు తోడుకొనిపోవును. లోయను తప్పించు మాట అందులేదు. లోయలో తోడుండు మాటయే కలదు. ఆ గీతపు ఉత్తరభాగమున శత్రువులు సైతము చెదరిపోరు. వారు చూచుచుండగనే భోజనము వడ్డింపబడును. గొఱ్ఱె కాపరిని పట్టుకొని వ్రేలాడదు, నోటకరచి కొనిపోబడదు. వినిన గొంతు వెంబడి తన కాళ్లతో తాను నడచును. తప్పిపోయినదానిని కాపరి భుజములపై మోసికొనివచ్చుట సువార్తలో నున్నది నిజమే. అది తప్పిపోయినదాని కథ. మందతో నున్నదాని నిత్యజీవనము నడకయే. దీనిని ‘మేషన్యాయ’ మనవచ్చును. ఈ పేరు మేము పెట్టుకొన్నదే గాని శాస్త్రములలోనిది కాదు.

ఈ మూడవ న్యాయము వచ్చుటచే శరణాగతి స్వరూపము ఎట్లు మారినదో తెలియవలెనన్న పోతన గజేంద్రమోక్షముతో పోల్చిచూచుట యుక్తము. గజరాజు మకరితో చిరకాలము పోరాడును. బలము తగ్గును; ధైర్యము తరుగును; ఆ పిమ్మట మొరపెట్టును. ఆ మొరలో దేవుడున్నాడో లేడో యన్న సందేహము సైతము తొంగిచూచుట పోతన గ్రహించిన మానవసత్యము. ఈశ్వరుడు సపరివారముగా పరుగెత్తివచ్చి మకరిని సంహరించును. ఇందు పోరు ముందు, శరణు వెనుక. స్వశక్తి అంతమైనచోట శరణాగతి ఆరంభమగును. శరణాగతితో పోరు ముగియును.

మోషే కథలో క్రమము వేఱు. ఐగుప్తునుండి వెడలిన జనులకు ముందు సముద్రము, వెనుక ఫరో సైన్యము. ఊరక నిలిచి దైవము చేయబోవు రక్షణమును చూడుడని మోషే వారికి చెప్పును. ఆ వెంటనే, మొరపెట్టుట ఏల, ముందునకు సాగుడని ప్రజలకు చెప్పుమను ఆజ్ఞ మోషేకు వచ్చును. నిలువుమనుటయు సాగుమనుటయు ఒకేచోట నున్నవి. హృదయము నిలువవలెను, పాదము సాగవలెను అని దీనికి అన్వయము. సముద్రము దాటిన పిదప కథ ముగియదు. నలువది యేండ్ల ఎడారి నడక అప్పుడే మొదలగును. పగలు మేఘస్తంభము, రాత్రి అగ్నిస్తంభము వారికి దారిచూపును. గజేంద్రుని శరణాగతి పోరునకు భరతవాక్యము. ఇచటి విశ్వాసము ప్రయాణమునకు నాంది. ఒకటి గొప్పది, మరియొకటి తక్కువది యని మేమనుట లేదు. రెండును వేఱని మాత్రమే చెప్పుచున్నాము. వేఱని తెలిసినచో ‘ఇదంతయు మన పాతసొమ్మే’ యను వాదము నిలువదు.

3. అనువాదమా, అవతారమా?

ఇది పాశ్చాత్య స్తోత్రములకు ఛాయ యను మొదటి వాదమును ఇప్పుడు పరీక్షింతము. 1833వ సంవత్సరము ఈ పరీక్షకు అనుకూలమైన తావు. ఆ యేడు జూన్ నెలలో జాన్ హెన్రీ న్యూమన్ అను ఆంగ్ల మతాచార్యుడు, ఇటలీ యాత్రలో జబ్బుపడి కోలుకొని, స్వదేశమునకు మరలుచు, గాలి లేక సముద్రమున నిలిచిపోయిన పడవలో ‘మేఘస్తంభము’ అను పేర ఒక గీతము వ్రాసెను. చీకటిలో దారి తప్పినవాడు దూరదృశ్యమును చూపుమని కోరక, ఒక్క అడుగునకు చాలిన వెలుగును మాత్రమే యాచించుట అందలి సారము. తరువాతి కాలమున గాంధీమహాత్మునకు ప్రియమైన ప్రార్థనాగీతములలో ఇది యొకటియైనది.

ఆ సంవత్సరముననే పురుషోత్తమ చౌదరి కటకమున బాప్తిస్మము పొందెను. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతపు మదనాపురమున, వంగదేశమూలము గల బ్రాహ్మణ కుటుంబమున జన్మించినవాడు, 1890లో మరణించినవాడు. తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో ప్రథమగణ్యుడు. నూటికి పైగా కీర్తనలను రచించి, శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలగు తావుల సువార్తను ప్రకటించుచు తిరిగెను. కులమును, బంధువర్గమును, పుట్టిపెరిగిన ఆచారమును ఎదురొడ్డి నిలుచుట ఆనాటి బ్రాహ్మణునకు ఎట్టి సమరమో ఊహింపవచ్చును. ఆ సమరమున ఆయనకు దొరకిన ఆయుధము పల్లవి, అనుపల్లవి, చరణములు గల కీర్తనము.

న్యూమను గీతమును చౌదరి కీర్తనలను ప్రక్కప్రక్కన నుంచిన భేదము స్పష్టమగును. న్యూమనుది ఏకాంతవాసి స్వగతము. అందలి ‘నేను’ ఒంటరివాడు. చదువరి ఆ ఒంటరితనమున పాలుపంచుకొనును. చౌదరి కీర్తనమునందును ‘నేను’ కలదు. ఆ ‘నేను’ రాగతాళములతో పదిమంది నోట పలుకుట కేర్పడినది. పల్లవి మాటిమాటికి తిరిగివచ్చును. ప్రతి చరణమునందును సంకటమొకటి వర్ణింపబడి, పల్లవితో మరల దైవనామమున విశ్రాంతి పొందును. భావము ముందునకు సాగి, వెనుకకు వచ్చి, మరల సాగును. ఈ నిర్మాణము అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసులనుండి మనకు సంక్రమించినదే గాని ఆంగ్లస్తోత్రముల చరణక్రమము కాదు. క్రైస్తవ కీర్తనల పుస్తకములలో పాటపైన రాగతాళముల పేర్లు ముద్రించు ఆచారము సైతము ఈ వంశమును చెప్పుచున్నది. బైబిలునందలి స్తోత్రసంపుటికి ‘కీర్తనలు’ అని పేరిడిన తెలుగు అనువాదకులు, తెలిసియో తెలియకయో, దావీదును తాళ్లపాకవారి పంక్తిలో కూర్చుండబెట్టిరి.

పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్లస్తోత్రములలో యుద్ధరూపకము మిక్కుటము. 1865లో బేరింగ్ గూల్డ్ అను మతాచార్యుడు పిల్లల ఊరేగింపునకై వ్రాసిన కవాతుపాట లోకమంతట వ్యాపించినది. జెండాలు, బాకాలు, వరుసతీరిన అడుగులు అందలి సామగ్రి. అట్టి పాటలు తెలుగులోనికి అనువాదములుగా వచ్చినమాట వాస్తవమే. అవి పాఠశాలలలోను, ఉత్సవములలోను పాడబడినవి. అయినను కష్టకాలమున, రోగి మంచము ప్రక్కన, చావుటింట, తెలుగు క్రైస్తవుని నోట వచ్చునవి కవాతుపాటలు కావు. రాగతాళములు గల కీర్తనములే. జనుల ఎంపిక ఒక విధమైన విమర్శ. వారు సైనికునికంటె బాటసారిని దగ్గరివానిగా గ్రహించిరి.

4. రసవిచారము

జీవనసమరము వస్తువైనపుడు ఈ కీర్తనలందు వీరరసము కలదా? దేవవిషయకమైన రతిని మమ్మటాదులు భావమనిరి గాని రసమనలేదు. రూపగోస్వామి మొదలగు వైష్ణవాచార్యులు భక్తిని రసముగా స్థాపించిరి. ఆ వివాదమును ఇచట తీర్పనవసరము లేదు. వీరమునకు స్థాయి ఉత్సాహము. శత్రువును జయింతునను పూనిక అందు ముఖ్యము. క్రైస్తవ కీర్తనమున ఆ పూనిక అరుదు. పాల్కురికి సోమనాథుని వీరభక్తులవలె లోకమునే గాక దైవమును సైతము గెలువ జూచు తెగువ ఇందు కానరాదు. అట్లని ఇది నిర్వేదమును గాదు. లోకమును విడిచిపోవలెనను కోరిక ఇందు కొన్ని పాటలకే పరిమితము.

ముప్పదిమూడు వ్యభిచారిభావములలో ‘ధృతి’ యొకటి. ఇష్టము తొలగినను అనిష్టము ముసరినను చలింపని నిలుకడ ధృతి. ఆలంకారికులు దీనిని వీరమునకు అంగముగా జెప్పిరి. నడిపింపును కోరు కీర్తనములందు ఈ సంచారిభావమే స్థాయివలె నిలిచియున్నదని మా అభిప్రాయము. ఆలంబనము దైవము, ఉద్దీపనములు చీకటి, తుపాను, ఎడారి, శత్రుసమూహము, అనుభావములు కన్నీరు, జాగరణము, పాట. చివరిది విశేషము. ఇచట పాట భావమును వర్ణించునది మాత్రమే కాదు, తానే అనుభావము. యూదా రాజైన యెహోషాపాతు మహాసైన్యమునకు ఎదురేగునపుడు గాయకులను సేనకు ముందు నడిపించెనని దినవృత్తాంతముల రెండవ గ్రంథమున గలదు. కత్తిపట్టినవారి ముందు పాటపాడువారు నడచిన ఆ దృశ్యము ఈ వాఙ్మయమునకంతకు ప్రతీక యనదగును. గెలిచిన పిదప పాడు పాట విజయగీతము. గెలువకముందే పాడు పాట విశ్వాసము.

5. లోపించిన నిష్ఠురము

ఇంతవరకు ఈ వాఙ్మయపు గుణములను జెప్పితిమి. దోషమును జెప్పకున్న విమర్శ ఏకపక్షమగును. బైబిలునందలి కీర్తనలలో నమ్మిక యెంతయో నిష్ఠురమును అంతయే. ఎంతకాలము మరచియుందువని 13వ కీర్తనకారుడు అడుగును. 22వ కీర్తనము పరిత్యక్తుని ఆక్రందనముతో మొదలగును. సిలువపై క్రీస్తు నోట వచ్చినదియు ఆ ఆక్రందనమే. 44వ కీర్తనమున జనులందరు కలిసి, మేము నీకు ద్రోహము చేయకుండగనే నీవు మమ్ము విడిచితివని దైవమును నిలదీయుదురు. 88వ కీర్తనము చీకటితోనే ముగియును. నమ్మినవానికే నిలదీయు హక్కు కలదని ఆ కవుల భావము. పరాయివానితో ఎవడును పోట్లాడడు.

ఈ హక్కును తెలుగువారు ఎఱుగరా? గోలకొండ చెరసాలలో పదునేడవ శతాబ్దమున కంచెర్ల గోపన్న రామునితో ఆడిన పోట్లాటను ఎఱుగని తెలుగువాడుండడు. చేయించిన నగలకు లెక్క అడిగి, తండ్రిని మామను ప్రస్తావించి, దెప్పి, పిమ్మట నొచ్చుకొని క్షమాపణ వేడెను. సైదాబాదునకును గోలకొండకును నడుమ ఉన్నది నగరమొకటియే. అయినను ఈ నగరమున పాడబడు క్రైస్తవ కీర్తనములలో ఆ స్వరము వినబడుట అరుదు. చౌదరియు, ఆయనను అనుసరించిన కీర్తనకారులును, కష్టము వచ్చినపుడు తమ పాపమునే వెదకికొనిరి. కర్త వైపు వ్రేలు చూపలేదు. దావీదునుండి శరణమును దీసికొని ఫిర్యాదును విడిచిపెట్టిరి. ఆశ్చర్యమేమన, ఈ యంశమున క్రైస్తవ కీర్తనకారునికంటె భద్రాచల రామదాసే దావీదునకు దగ్గరి చుట్టము.

ఇందులకు కారణమును ఊహింపవచ్చును. క్రొత్తగా మతము పుచ్చుకొన్నవాడు, చుట్టు నున్న లోకము తన దైవమును పరిహసించుచుండగా, తానును ఆ దైవమును నిష్ఠురములాడుటకు జంకును. పరుల ఎదుట ఇంటిపెద్దను పల్లెత్తుమాట అనకుండుట మన మర్యాద. తొలితరమున ఇది అర్థము చేసికొనదగినది. తరువాతి తరములును దానినే ఆదర్శముగా గైకొనుటచే కీర్తనమున ఒక తీగ మూగవోయినది.

ఆ తీగను మీటినవాడు జాషువ. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిన ఈ మహాకవి 1941లో ‘గబ్బిలము’ వెలువరించెను. ఆకలితో, అంటరానితనముతో కుమిలిపోవు అరుంధతీసుతుడు తన గోడును కాశీవిశ్వేశ్వరునకు విన్నవింపుమని గబ్బిలమును వేడుకొనును. దేవళమున ప్రవేశము గబ్బిలమునకు గలదు, మనుష్యునకు లేదు. ఆ కావ్యము క్రైస్తవ కావ్యము కాదు, సంబోధితుడు శివుడు. కాని రూపమును పరికించినచో అది 44వ కీర్తనమునకు తోబుట్టువు. మార్గదర్శి ఉన్నాడు సరే, మార్గమునకు అడ్డముగా గోడ కట్టినదెవ్వరు? గొఱ్ఱె నడచుటకు సిద్ధముగా నున్నను దొడ్డితలుపు మూసినదెవ్వరు? కీర్తనకారులు అడుగని ఈ ప్రశ్నను జాషువ అడిగెను. ఆయనయే పిమ్మట క్రీస్తు జీవితమును పద్యకావ్యముగా రచించెను. ఆ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము లభించినది. ప్రశ్నించిన కలమే స్తుతించినది. నిష్ఠురము విశ్వాసమునకు విరోధి కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

6. వెలుపలి సమరము

జాషువ ప్రశ్నతో మనము మొదటి ప్రశ్నకు తిరిగి వచ్చితిమి. దైవము నడిపించునని నమ్ముట మనుష్యుని నిష్క్రియునిగా జేయునా? కీర్తనములలోని శత్రువులు పాపము, మరణము, సాతాను. ఆకలి, వెట్టి, ఊరిపెద్ద దౌర్జన్యము అందు పేరెత్తబడుట అరుదు. ఈ కారణముచే ఈ పాటలు పీడితుని మభ్యపెట్టినవని కొందరు ఆక్షేపింతురు. పాటను ముద్రితపుస్తకమున మాత్రమే చదువువారికి ఈ యాక్షేపము సమంజసముగా తోచును. పాడినవారి చరిత్రతో కలిపి చదువుట న్యాయము.

ఒంగోలు ప్రాంతమున అమెరికా బాప్తిస్టు ప్రచారకుడు జాన్ క్లౌ 1866లో స్థిరపడెను. అచటి మాదిగలలో మొదట ముందునకు వచ్చినవాడు యెర్రగుంట్ల పేరయ్య. అంతకుమున్ను యోగమార్గమున గురువుల నాశ్రయించి సాధన చేసినవాడు. సత్యమును వెదకుచు వచ్చినవాడు. క్రొత్తగా చేరినవారు మూడు నియమములను అవలంబించిరి: ఆదివారము పని చేయకుండుట, చచ్చిన పశువు మాంసమును తినకుండుట, విగ్రహములను పూజింపకుండుట. చూచుటకు ఇవి మతనియమములు. ఆనాటి గ్రామవ్యవస్థలో ఇవి మూడును మూడు తిరుగుబాటులు. ఆదివారము పిలిచినను పనికి రాననుట వెట్టిని ధిక్కరించుట. చచ్చిన పశువు మాంసమును కాదనుట తమకు విధింపబడిన హీనత్వమును కాదనుట. జాతరలో డప్పు కొట్టననుట ఊరికట్టడిని దాటుట. దీనికి ఫలితముగా వారు దెబ్బలు తినిరి. నీటికిని పనికిని దూరము చేయబడిరి. లేనిపోని నేరములు మోపబడిరి. అయినను నిలిచిరి.

1876–78 నాటి మహాక్షామమున క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత దూరము త్రవ్వు పనిని గుత్తకు దీసికొని వేలమందికి కూలి కల్పించెను. కూటికై మతము పుచ్చుకొన్నారను మాట రాకుండుటకై ఆ కాలమున బాప్తిస్మములిచ్చుట ఆపివేసెను. కరువు తీవ్రత తగ్గిన పిదప, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి కడ ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య వెనుకనున్న ఉద్దేశములు అన్నియు ఒక్కతీరున నున్నవని చెప్పుట సాహసము. ఆకలి, ఆత్మగౌరవము, భక్తి ఒకే మనసున పెనవేసికొని యుండుట మానవసహజము. మా ప్రస్తుతాంశమునకు కావలసినది ఇంతియే: నడిపింపును నమ్మిన ఆ జనులు పలుగు పట్టి కాలువ త్రవ్విరి, వలదన్న పనిని వలదనిరి. దైవము నడిపించునని నమ్మినవారు నడచిరి.

కావున పాటలో పేరెత్తబడని శత్రువు పాడినవాని జీవితమున లేడనుకొనుట పొరపాటు. ‘ఎఱ్ఱసముద్రము’ అని పాడునపుడు పాడువాని మనసున తన ఊరి సముద్రము మెదలుచుండును. ఇది ధ్వని. చెప్పక చెప్పుట కీర్తనమున కున్న శక్తి. అయినను ధ్వనికిని హద్దు కలదు. వాచ్యముగా ఎన్నడును చెప్పబడని బాధ తరములు గడచినకొలది మరపునకు వచ్చు ప్రమాదము కలదు. పాట మిగిలి, పాటను పుట్టించిన పోరు మరుగునపడినచో, నడిపింపు కేవలము ఓదార్పుగా మిగులును. ఇది కీర్తనకారుల దోషము మాత్రమే కాదు. పాటలను సేకరించి ముద్రించి, పాడినవారి కథలను సేకరింపని మన పండితవర్గపు దోషము గూడ.

7. ఉపసంహారము

పై చర్చవలన తేలిన విషయములివి. తెలుగు క్రైస్తవ కీర్తనము అనువాదవాఙ్మయము కాదు. దాని దేహము తెలుగు కీర్తనము. అందలి భావము పాత శరణాగతికి పునరుక్తియు గాదు. కోతిపిల్ల పట్టును, పిల్లిపిల్ల నిశ్చింతను ఎఱిగిన మన భక్తివాఙ్మయమున, గొంతు విని తన కాళ్లతో నడచు గొఱ్ఱెను అది క్రొత్తగా ప్రవేశపెట్టినది. ఆ భావమునకు ధృతి ప్రాణము. ఇంత చేసియు, దావీదు కున్న నిష్ఠురపు చనువును అది వదలుకొన్నది. ఆ లోటును కీర్తనమునకు వెలుపల జాషువ తీర్చెను.

పరిశోధక విద్యార్థులకు ఇచట పని చాల కలదు. ముద్రిత సంపుటములలోని కీర్తనలకు రాగతాళములవారిగను, రూపకములవారిగను పట్టికలు సిద్ధము కావలెను. తెలంగాణమున నోటివాడుకలోనే యున్న పాటలు, ముఖ్యముగా హైదరాబాదు చుట్టుపట్ల వలసవచ్చిన కుటుంబములు తమ ఊళ్లనుండి తెచ్చుకొన్నవి, ముసలివారితో పాటే మాయము కాకముందు సేకరింపవలెను. ప్రతి పాటతో పాటు, దానిని ఏ కష్టమున ఎవరు పాడుకొనిరో ఆ వృత్తాంతమును గూడ వ్రాసికొనవలెను. మేఘస్తంభము ఎటు కదలినదో గ్రంథములు చెప్పును. దాని వెంట ఎవరు ఏ ముండ్లపై నడచిరో వారి పాదములే చెప్పవలయును.